మా పిన్ని గొంతూ, కంపెనీ పోలీసూ

మా పిన్ని పోలీసు. హెడ్ కానిస్టేబులు. ఊళ్ళో అందరూ ఆమెను హెడ్డమ్మ అనేవాళ్ళు. పొట్టి మనిషి, బొద్దు మనిషి. పరుగెత్తడం ఆమె వల్ల అయ్యే పని కాదు. పరుగు మొదలుపెడితే రెండో మలుపు దగ్గరే ఆయాసం వచ్చి ఎవరింటి మెట్ల మీదో కూలబడి మంచినీళ్ళు అడిగేది. అయితే దేవుడు కాళ్ళలో తగ్గించినదంతా గొంతులో పోశాడు. పిన్ని "ఆగు!" అని అరిచిందంటే ఆగేది దొంగ ఒక్కడే కాదు. దొంగకు ముందు పోతున్నవాళ్ళూ, వెనక వస్తున్నవాళ్ళూ, పక్క వీధిలో ఏ పాపం ఎరక్కుండా సైకిలు తొక్కుకుంటున్నవాళ్ళూ కూడా ఆగిపోయి, తాము చేసిన తప్పేమిటా అని తడుముకునేవాళ్ళు.

అసలు ఉద్యోగం వచ్చిందే ఆ గొంతు వల్ల. ఎంపిక రోజున మైదానంలో పరుగు పందెం పెట్టారట. పిన్ని అందరికంటే వెనక. ఎంత వెనకంటే, ఆమె పందెంలో ఉందో, చూడ్డానికి వచ్చిందో అధికారులకు తేలలేదట. ఇంతలో ఎక్కడినుంచో ఒక కుక్కపిల్ల వచ్చి దారి మధ్యలో నిలబడింది. తొక్కేస్తారేమోనని పిన్ని ప్రాణం విలవిల్లాడి "ఆగండి!" అని ఒక్క కేక పెట్టింది. ముందున్న వాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారు. పిన్ని మాత్రం తన ఊపును తాను ఆపుకోలేక అందరినీ దాటి, కుక్కపిల్లనూ దాటి, గీతనూ దాటి, అవతల ఇసుకలో బోర్లా పడింది. మొదటి స్థానం. అధికారులు తర్జనభర్జనలు పడి, ఈ గొంతును వదులుకుంటే మనంత తెలివితక్కువ వాళ్ళుండరని తేల్చుకుని, తీసేసుకున్నారు.

పిన్ని ఈ కథ చెప్పినప్పుడల్లా బాబాయి మెల్లగా, "ఆ కుక్కపిల్లను నువ్వు తప్ప ఎవరూ చూడలేదటగా?" అనేవాడు.

బాబాయి టైలరు. వాళ్ళ ఇంటి ముందు గదే ఆయన కొట్టు. పై వాటాలో మేముండేవాళ్ళం. నేను స్టేషన్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న జెరాక్స్ కొట్టులో పనిచేసేదాన్ని కాబట్టి, పిన్ని ఉద్యోగంలో సగం నా కళ్ళ ముందే జరిగింది. మిగతా సగం భోజనాల దగ్గర వినేదాన్ని.

స్టేషన్ అప్పట్లో ఎలా ఉండేదో చెప్పాలి. గోడలకు ఒకప్పుడు ఏ రంగు వేశారో అడిగితే నలుగురు నాలుగు రంగులు చెప్పేవాళ్ళు. లోపల ఒక బల్ల, దానికి మూడున్నర కాళ్ళు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు దాని మీద బరువు సరిచూసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఒకరు లేస్తే మిగతా వాళ్ళు జారేవాళ్ళు. ఎస్సై గారికి రెండే మాటలు వచ్చు. ఒకటి "ఊఁ". రెండోది "రేపు రా". ఎవరైనా పెద్దమనిషి ఫోన్ చేయిస్తే మాత్రం మూడోది వచ్చేది: "రండి, రండి".

అలాంటి రోజుల్లో నగరపాలక సంఘం వాళ్ళు పోలీసు పనిని ఒక కంపెనీకి అప్పగించాలని నిర్ణయించారు. పాత సిబ్బంది అలాగే ఉంటారు, నడిపేది మాత్రం కంపెనీ. ఈ వార్త వచ్చిన రోజు మా ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది.

"మంచి పనే చేశారు," అన్నాడు బాబాయి. "నేను చొక్కా పాడు చేశాననుకో. ఇచ్చినవాడు దాన్ని నా మొహాన కొట్టి ఇంకో టైలరు దగ్గరికి పోతాడు. ఆ భయంతోనే నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుడతాను. మీవాళ్ళకు ఆ భయం ఏదీ? మీరు తప్ప ఇంకో పోలీసులు లేరుగా!"

"చొక్కా కుట్టడం, దొంగని పట్టడం ఒకటేనా అండీ?" అంది పిన్ని. "గుడ్డ పట్టుకుని మనిషే మీ దగ్గరికొస్తాడు. దొంగ నా దగ్గరికొచ్చి కొలతలిస్తాడా?"

"మరి నా కుట్టు మిషను పోయినప్పుడు ఏం చేశారు?"

ఇది బాబాయి దగ్గరున్న తురుపు ముక్క. పెళ్ళయిన కొత్తలో ఆయన కుట్టు మిషను ఎవరో ఎత్తుకుపోయారు. ఆయన పరుగు పరుగున స్టేషన్‌కు వెళితే, గుమ్మం దగ్గర కూర్చున్న సొంత భార్యే తలెత్తకుండా "లైన్లో రండి" అంది. లైన్లో వెళితే ఎస్సై "రేపు రా" అన్నాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

"డ్యూటీలో మొగుడైనా, ఇంకెవరైనా ఒకటే," అంది పిన్ని, ఎప్పుడూ అనేదే. తర్వాత కాస్త తగ్గి, "అది కాదండీ. కంపెనీ అంటే లాభం చూసుకుంటుంది. స్తోమత ఉన్నోడికే పోలీసంటే, లేనోడు ఎవర్ని పిలవాలి?" అంది.

"ఇప్పుడు మాత్రం లేనోడు పిలిస్తే ఎవరొస్తున్నారే?"

పిన్ని గరిటెడు కూర తీసి బాబాయి కంచంలో వేసింది. జవాబు దొరకనప్పుడల్లా ఎదుటివాళ్ళ కంచంలో కూర వెయ్యడం ఆమెకు అలవాటు.

కంపెనీ వచ్చింది. దాంతోపాటు ఒక కుర్ర మేనేజరు వచ్చాడు. ఎండాకాలంలో కూడా టై కట్టుకునేవాడు కాబట్టి మా వీధి అతనికి టైబాబు అని పేరు పెట్టింది. చెడ్డవాడు కాదు. ఎవరేం చెప్పినా "అద్భుతం" అనేవాడు. "సార్, మా నాన్న పోయారు, సెలవు కావాలి" అని ఒక కానిస్టేబుల్ అడిగితే అలవాటుగా "అద్భుతం" అనేసి, తర్వాత వారం రోజులు అతనికి మొహం చూపించలేక తిరిగాడు.

ఉన్న మాట చెప్పుకోవాలి. మొదటి నెలలోనే స్టేషన్ రూపు మారిపోయింది. గోడలకు ఒకే రంగు, అదీ ఏమిటో అందరూ చెప్పగలిగే రంగు. మెత్తటి కుర్చీలు. ఫిర్యాదు ఇస్తే అక్కడికక్కడే టైపు చేసి చేతిలో పెట్టేవాళ్ళు. ఆడ కానిస్టేబుళ్ళకు వేరే మరుగుదొడ్డి కట్టించారు. అప్పటిదాకా ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట కాపలా కాసేవాళ్ళు. పిన్ని నన్ను జెరాక్స్ మిషను దగ్గర్నుంచి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, "చూడవే, గడియ!" అని వేసి, తీసి, మళ్ళీ వేసి చూపించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు మాత్రం ఆమె పూర్తిగా కంపెనీ మనిషే.

ఎస్సై గారికి నవ్వడం నేర్పించారు. పాపం, ఆ మొహానికి ఆ పని కొత్త. ఆయన నవ్వు చూసి పిల్లలు జడుసుకునేవాళ్ళు. తాళాలు పోయాయని చెప్పడానికి వచ్చిన ఒక పెద్దాయన, ఎదురుగా ఆ నవ్వు చూసి బెదిరిపోయి, ఎప్పుడో బళ్ళో చదివేటప్పుడు తోటి పిల్లాడి పెన్ను కాజేసిన సంగతి కూడా ఒప్పేసుకున్నాడు.

కొత్త యూనిఫారాలు వచ్చాయి. వాటి వీపు మీద పరుపుల కంపెనీ ప్రకటన. కాపలా తిరిగే పోలీసుల వీపుల మీద "నిశ్చింతగా నిద్రపోండి" అని పెద్ద అక్షరాలు. ఆ మాట జనానికి చెబుతున్నారో, పోలీసులకు చెబుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. బాబాయికి మాత్రం ప్రకటన పట్టలేదు. చొక్కాను తిరగేసి, చంక దగ్గర కుట్టు చూసి, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మంచం మీద పడేశాడు.

"ఇది కుట్టా? నువ్వు చెయ్యెత్తి ఒక్క బండిని ఆపితే చాలు, భుజం దాకా చిరుగుతుంది."

అన్నట్టే మర్నాడు కూడలిలో బస్సును ఆపబోయి పిన్ని చొక్కా చంక దగ్గర పర్రున చిరిగింది. ఆపైన రోజూ సాయంత్రం స్టేషన్ మొత్తం బాబాయి కొట్టు ముందు వరసగా చేతులెత్తి నిలబడేది, దొంగలు లొంగిపోయినట్టు. వాళ్ళ చంకలకు బాబాయి డబుల్ కుట్లు వేసేవాడు.

ఫోను సంగతి చెప్పనే లేదు. మునుపు స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు మొదటి గంటకే ఎత్తి, తేనెలాంటి గొంతు పలికేది: "మీ ప్రాణం మాకు ముఖ్యం. దొంగ ఇంట్లోనే ఉంటే ఒకటి నొక్కండి. వెళ్ళిపోయి ఉంటే రెండు నొక్కండి. దొంగ మీరే అయితే మూడు నొక్కండి." నొక్కాక సంగీతం వచ్చేది. చాలా బాగుండేది. దొంగతనం జరక్కపోయినా ఆ సంగీతం కోసమే ఫోన్ చేసేవాళ్ళను నేనెరుగుదును.

తర్వాత వచ్చాయి ప్లాన్లు. సాదా ప్లాను అందరికీ ఉచితం: దొంగను వీధి చివరి దాకా తరుముతారు. వెండి ప్లాను: మార్కెట్ దాటే దాకా. బంగారం ప్లాను: దొంగ ఎంత దూరం పోతే అంత దూరం, పట్టుకున్నాక అతనితో ఒక ఫోటో కూడా. ఒక్కొక్క పోలీసు నడుముకూ ఒక చిన్న పెట్టె కట్టారు. హద్దు రాగానే అది కుయ్ కుయ్ మని, "సేవా పరిధి ముగిసింది, ధన్యవాదాలు" అనేది.

ఇవన్నీ ఒక ఎత్తు, పిన్ని గొంతు ఒక ఎత్తు. కంపెనీ వాళ్ళు చప్పుడు కొలిచే మీటరు తెచ్చి పిన్నిని అరవమన్నారు. అరిచింది. మీటరు మూగబోయింది. ఇంకోటి తెచ్చారు. అదీ అంతే.

టైబాబు చెవుల్లోంచి వేళ్ళు తీసి, "అద్భుతం మేడమ్. కానీ దీని వల్ల కస్టమర్లు భయపడతారు" అన్నాడు.

"కస్టమరంటే ఎవరు సార్?"

"అందరూ. ఫిర్యాదు ఇచ్చేవాళ్ళూ, ఎవరి మీద ఇచ్చారో వాళ్ళూ. మీరు ఇకనుంచి దొంగతో కూడా మర్యాదగా, మెల్లగా మాట్లాడాలి. పట్టుబడ్డాక వాళ్ళు మీకు చుక్కలిస్తారు. మంచి సేవ అనిపిస్తే ఐదు చుక్కలు."

పిన్నికి నోట మాట రాలేదు. అంత గొంతున్న మనిషికి.

మా ఊళ్ళో ఒక జేబుదొంగ ఉండేవాడు. అతని చెయ్యి జేబులో పడ్డట్టు ఎవరికీ తెలిసేది కాదు కాబట్టి దూదిచెయ్యి అనేవాళ్ళు. పిన్ని ఉద్యోగంలో చేరిన ఏడాదే అతనూ తన వృత్తిలోకి వచ్చాడు. ఇద్దరూ కలిసి పెద్దవాళ్ళయ్యారు. ఆమె అతన్ని పట్టుకోవడం, తిట్టడం, అతను "అక్కా, ఇదే ఆఖరు" అనడం ఏళ్ళ తరబడి నడుస్తున్న వ్యవహారం. కంపెనీ వచ్చిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం అతను మా జెరాక్స్ కొట్టు ముందే ఒకాయన జేబు ఖాళీ చేసి పరుగందుకున్నాడు. పిన్ని వెంటపడింది. వెంటపడి, కంపెనీ నేర్పిన గొంతుతో, "అయ్యా, తమరు దయచేసి ఒక్క క్షణం ఆగగలరా?" అంది.

దూదిచెయ్యి పరుగెత్తుతూనే వెనక్కి చూశాడు. పరుగెత్తుతూనే ముందుకు చూశాడు. తనతో కాదు, ఇంకెవరో పెద్దాయనతో అంటోందనుకుని, దారి ఇవ్వడానికి పక్కకు తప్పుకుని ఆగాడు. పిన్ని వచ్చి మెడ పట్టుకుంది.

"ఏంటక్కా, ఒంట్లో బాలేదా?" అన్నాడు అతను, నిజంగానే కంగారు పడి.

స్టేషన్‌లో అతన్ని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి చుక్కలివ్వమన్నారు. రెండిచ్చాడు.

"ఒరేయ్, ఇన్నేళ్ళ పరిచయం! రెండు చుక్కలా?" అంది పిన్ని పళ్ళ బిగువున, టైబాబుకు వినపడకుండా.

"మనసొప్పలేదక్కా. నువ్వు ముందులా తిట్టలేదు. 'తమరు' అన్నావు. నా గుండె చెరువైపోయింది. తిట్టుంటే ఐదూ ఇచ్చేవాణ్ణి."

ఇంతవరకు నవ్వుకున్నాం. తర్వాత జరిగింది వేరు. మా వీధి మలుపులో కూరగాయలు అమ్మే ఒక అవ్వ ఉండేది. ఆమెది సాదా ప్లాను. ఒక పొద్దున ఒక పొడుగుకాళ్ళవాడు వచ్చి, వంకాయలు ఏరుతున్నట్టు నటిస్తూ, "అవ్వా, నీదే ప్లాను?" అని అడిగాడు. ఏదో పలకరింపనుకుని ఆమె చెప్పింది. వాడు వెంటనే త్రాసు చంకన పెట్టుకుని పరుగు తీశాడు. దొంగలకు అప్పటికే ప్లాన్లన్నీ కంఠతా వచ్చేశాయి.

పిన్ని తరిమింది. వీధి చివర రాగానే నడుము పెట్టె కుయ్ మంది. పిన్ని ఆగింది. వాడు నాలుగడుగుల అవతల ఆగి, త్రాసు కింద పెట్టి, ఊపిరి పీల్చుకుని, చొక్కా సర్దుకుని, ఆమెకు నమస్కారం కూడా పెట్టి, త్రాసు మళ్ళీ చంకన పెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అవ్వ వెనకనుంచి వచ్చింది. కోప్పడలేదు. "మునుపు మీరు వచ్చేవాళ్ళే కాదు. పోనీలే, పనుల్లో ఉన్నారనుకునేదాన్ని. ఇప్పుడు వచ్చావు, చూశావు, ఆగిపోయావు. ఇదెక్కడి విడ్డూరం తల్లీ?" అంది.

ఆ పూట పిన్ని ఎవరి కంచంలోనూ కూర వెయ్యలేదు. తన కంచంలో కూడా. బాబాయి ఆమె వైపు చూసి, తురుపు ముక్క తీయబోయి, మానేశాడు.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. ఇంటి బట్టల్లో, నడుముకు పెట్టె లేకుండా, బాబాయిని వెంటబెట్టుకుని పాత ఇనుము కొట్లు గాలించడం మొదలుపెట్టింది. మూడో కొట్టులో పొడుగుకాళ్ళవాడు త్రాసును త్రాసులో పెట్టి తూయిస్తున్నాడు. పిన్ని తన సొంత గొంతుతో "ఆగరా!" అంది. వాడు ఆగాడు. కొట్టువాడు ఆగాడు. ఊగుతున్న త్రాసు పళ్ళేలు కూడా ఆగాయని బాబాయి ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

అవ్వకు త్రాసు చేరింది. పిన్నికి కంపెనీ నుంచి మెమో చేరింది: "అనుమతి లేకుండా ఉచితంగా దొంగను పట్టుకున్నందుకు సంజాయిషీ ఇవ్వవలెను." ఆ మెమోను నా దగ్గరే జెరాక్స్ తీయించారు. చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండు కాపీలు ఎక్కువ తీశాను.

ఈ గొడవ తేలకముందే కంపెనీ వచ్చి ఏడాది నిండింది. పెద్ద వేడుక చేశారు. కంపెనీ ఛైర్మన్ గారు స్వయంగా వచ్చారు. స్టేషన్ ముందు తెల్లగా మెరిసిపోతున్న కొత్త పెట్రోలింగ్ కారు, దాని చుట్టూ ఎర్ర రిబ్బను. బ్యాండు మేళం. నగరపాలక సంఘం పెద్దలంతా ముందు వరసలో. ఛైర్మన్ గారు ఉపన్యాసం ఇచ్చి, కత్తెర అందుకుని రిబ్బను కత్తిరించబోయే సమయానికి, కారు కదిలింది. రిబ్బనుతో సహా.

మొదట అందరూ చప్పట్లు కొట్టారు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. టైబాబు ఒక్కడే తెల్లబోయి, "డ్రైవరు ఇక్కడే ఉన్నాడే!" అన్నాడు. డ్రైవరు నిజంగానే అతని పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

కారు మార్కెట్ వైపు మళ్ళింది. వేగంగా పోలేదు. ఎవరో దాన్ని నడపడం ఇప్పుడే నేర్చుకుంటున్నట్టు, గుర్రుమంటూ, ఎగిరెగిరి పడుతూ పోతోంది. పరుగెత్తితే అందేదే. కానిస్టేబుళ్ళు నలుగురూ ఒక్క ఉదుటున లేచారు. నలుగురి నడుములూ ఒకేసారి "ప్లాను లేదు, ధన్యవాదాలు" అన్నాయి.

టైబాబు ఫోన్ చేశాడు. తేనె గొంతు పలికింది. అతను రెండు నొక్కాడు. సంగీతం విన్నాడు. ఛైర్మన్ గారూ విన్నారు. చివరికి ఒక అమ్మాయి లైన్లోకి వచ్చి, "మీ కస్టమర్ నంబరు చెప్పండి సార్" అంది.

"నేను మేనేజర్నమ్మా! పోయింది మన కారే!"

"సారీ సార్, మన ఆఫీసు పేరు మీద ఏ ప్లానూ లేదు. తీసుకుంటారా? మీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళితే వాళ్ళు ఫారం ఇస్తారు."

టైబాబు స్టేషన్ వైపు చూశాడు. స్టేషన్ మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.

పిన్ని అతని పక్కకు వచ్చింది. సంజాయిషీ తేలేదాకా ఆమెకు డ్యూటీ లేదు. అతిథులకు టీలు అందించే పని అప్పజెప్పారు. చేతిలో పళ్ళెం ఉంది. "సార్, అరవమంటారా?" అంది.

"మేడమ్, నిబంధనల ప్రకారం..." అని అతను మొదలుపెట్టాడు. అవతల కారు ఒక కూరగాయల బండిని వెంట్రుకవాసిలో తప్పించుకుపోయింది. "అరవండి!" అని అతనే అరిచాడు.

పిన్ని పళ్ళెం నా చేతిలో పెట్టింది. ఏడాదిగా లోపల అణిచిపెట్టుకున్నదంతా కూడగట్టుకుని ఊపిరి పీల్చింది. చంక దగ్గర బాబాయి వేసిన డబుల్ కుట్లు పటపటమన్నాయి గాని చిరగలేదు.

"ఆగూ!"

మార్కెట్ మొత్తం ఆగిపోయింది. బస్సులు, సైకిళ్ళు, బేరాలు. బ్యాండువాళ్ళ బూరా స్వరం మధ్యలోనే తెగిపోయింది. మంగలి కొట్టులో కత్తి గడ్డం మీదే నిలిచిపోయింది. ఛైర్మన్ గారు కత్తెర గాలిలో తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయారు. కారు కూడా ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపలినుంచి చేతులెత్తి దిగిన మనిషిని చూసి మా వీధంతా ముక్కున వేలేసుకుంది.

మా పక్క వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన. సోడాబుడ్డి కళ్ళద్దాలు. పిల్లి ఎదురొచ్చినా పక్కకు తప్పుకుని దారి ఇచ్చే మనిషి.

పిన్ని దగ్గరికి వెళ్ళి, "మీరా అన్నయ్యగారూ? కారు దొంగతనం చేశారా?" అంది.

"దొంగతనం కాదమ్మా," అన్నాడాయన, చేతులు దించకుండానే. "మా కొట్లో గోడ గడియారం పోయింది. మా తాతగారిది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా సంగీతమే. సాదా ప్లానుకు పోలీసు ఇంటికి రావాలంటే వరస రావాలన్నారు. ఆ వరస ఎప్పటికీ రాలేదు. మనుషులు ఎలాగూ రావట్లేదు, కనీసం పోలీసు బండైనా మా కొట్టు ముందుకు వస్తే దొంగ భయపడతాడేమోనని... తీసుకెళుతున్నాను. నాకు నడపడం రాదమ్మా. మీరు ఆగమనక ముందునుంచే ఎలా ఆపాలో తెలియక ఏడుస్తున్నాను."

పిన్ని వెనకే వచ్చిన సంఘం పెద్ద ఒకాయన నవ్వాడు. ఇక ఆగలేదు, మార్కెట్ మొత్తం పగలబడి నవ్వింది. ఛైర్మన్ గారు మాత్రం కత్తెర జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

పిన్ని గడియారాలాయన్ను అదే కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి, అసలు డ్రైవరును పిలిచి, నేరుగా ఆయన కొట్టుకు తీసుకెళ్ళింది. వెళ్ళేసరికి అక్కడ ఆయన బావమరిది ఉన్నాడు. అందరికంటే ఎక్కువ బాధపడుతున్నాడు. "మా బావ ప్రాణమంతా ఆ గడియారం మీదేనండీ, ఏ పాపిష్ఠి చేతులు తీశాయో" అని ముక్కు చీదుతున్నాడు. పిన్ని అతని మొహంలోకి చూసి, "మీరు కొత్తిల్లు కట్టారటగా, ఒకసారి చూపించరూ?" అంది. బావమరిది ఏడుపు ఆగిపోయింది. కొత్తింటి హాల్లో గడియారం టిక్కుటిక్కుమంటూ ఎదురొచ్చింది.

"అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదరా," అన్నాడు గడియారాలాయన, అదీ మెల్లగానే.

ఆ తర్వాత నగరపాలక సంఘం విచారణ పెట్టింది. కారు కేసులో గడియారాలాయన్ను మందలించి వదిలేశారు. కంపెనీ ఉండాలా, పోవాలా అని అందరినీ అడిగారు. పిన్నిని కూడా పిలిచారు. ఆమె కంపెనీని తిట్టిపోస్తుందని అందరూ ఎదురుచూశారు. నేనూ అదే అనుకుని వెళ్ళాను.

"మునుపు మేం మనిషిని మనిషిలా చూడలేదండీ," అంది పిన్ని. "నా మొగుణ్ణే లైన్లో నిలబెట్టి ఉత్త చేతుల్తో పంపాం. కంపెనీ వచ్చాక ఎవరొచ్చినా కూర్చోమంటున్నాం. అది వాళ్ళు నేర్పిందే, కాదనను. కానీ అవ్వ త్రాసు పోతే వీధి చివర నన్ను ఆపిందీ వాళ్ళే. కూర్చోబెట్టడం వాళ్ళకొచ్చు, పరుగెత్తడం మాకొచ్చు." ఆ వెంటనే నిజాయితీగా, "నాకు రాదనుకోండి, మావాళ్ళకొచ్చు" అని సరిదిద్దుకుంది.

సంఘం వాళ్ళు ఆమె మాటను అక్షరాలా పట్టుకున్నారు. కుర్చీలు, ఫోన్లు, గోడలు, ఫిర్యాదు టైపు చెయ్యడం కంపెనీకి ఉంచారు. తరమడం, పట్టుకోవడం మళ్ళీ ప్రభుత్వానికి ఇచ్చారు. ప్లాన్లు పోయాయి, నడుము పెట్టెలు పోయాయి. వీపు మీద ప్రకటనలు కూడా పోయాయి. కాకపోతే కొత్త తగాదాలు వచ్చాయి. దొంగను గుమ్మం దాకా తెచ్చేది ప్రభుత్వం, గుమ్మం లోపల చూసుకోవాల్సింది కంపెనీ. ఇద్దరికీ మధ్య, గుమ్మం మీద నిలబడ్డ దొంగ ఎవరి లెక్కలోకి వస్తాడో తేలక ఒకడు రెండుసార్లు పారిపోయాడు. రెండోసారి పిన్ని అరిచి ఆపింది.

పిన్ని రిటైరై రెండేళ్ళయింది. కొత్తగా చేరేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని అప్పుడప్పుడూ పిలుస్తుంటారు. కంపెనీ వాళ్ళు ఒక పక్క, ప్రభుత్వం వాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. ఈమధ్య నేనూ తోడు వెళ్ళాను.

"ఏడ్చుకుంటూ వచ్చిన మనిషిని ముందు కూర్చోమనండి," అని మొదలుపెట్టింది పిన్ని. "ఆ తర్వాతే మిగతావన్నీ."

ప్రభుత్వం పక్కనుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "కుర్చీలు కంపెనీవి కదా మేడమ్. మేం కూర్చోమనొచ్చా, లేక వాళ్ళను అడిగి కూర్చోమనాలా?"

పిన్ని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది.

"నువ్వు చాలా పైకొస్తావమ్మా," అంది.